ఏ లెన్స్ దేన్ని వదులుకుంది?

లైకా రేంజ్‌ఫైండర్ కెమెరాలంటే ఇష్టపడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది: 35 మి.మీ. సమ్మిక్రాన్ లెన్స్‌లలో ఏ తరానిది గొప్పది? పేరు మారలేదు. గరిష్ఠ అపర్చర్ ఎఫ్/2 కూడా మారలేదు. కానీ 1958లో మొదటిది వచ్చాక లోపలి కటకాల అమరిక పలుమార్లు మారింది. మొదటి తరంలో ఎనిమిది కటకాలుండేవి. 1969లో వచ్చిన రెండో తరంలోనూ, 1970లలో సాగిన మూడో తరంలోనూ అవి ఆరయ్యాయి. 1979లో నాలుగో తరం ఏడు కటకాలతో వచ్చింది. 1990ల చివర్లో వచ్చిన దానిలోనూ ఏడే, అయితే అందులో ఒకదాని ఉపరితలం గోళాకారంలో ఉండదు. దాన్నే ఆస్ఫెరికల్ అంటారు. ఈ వరుసను చూసినవారు రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటారు. కొత్తదే మెరుగని కొందరు, పాతదానిలోనే ప్రాణం ఉందని మరికొందరు. రెండు వాదాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయని నా నమ్మకం. ఈ తరాలను మెట్ల వరుసగా చూడటమే ఆ పొరపాటు. పైకి ఎక్కుతున్నామని ఒకరు, కిందికి దిగుతున్నామని మరొకరు అనుకుంటున్నారంతే. ఒక్కో తరం ఏదో ఒకటి సాధించడానికి మరొకటి వదులుకుంది. ఏది వదులుకుందో, ఎందుకు వదులుకుందో తెలిసినప్పుడే పోలికకు అర్థం ఉంటుంది.

ముందుగా ఈ లెన్స్ ఇంత చిన్నదిగా ఎలా ఉండగలిగిందో, చిన్నదిగా ఉండటం ఎందుకు అవసరమో చూడాలి. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య అద్దం ఒకటి లేచి పడుతుంటుంది. దానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ కెమెరాలో లెన్స్ బిగించే అంచు నుంచి ఫిల్ము వరకు 46.5 మి.మీ. దూరం. లైకా ఎం కెమెరాలో అద్దం లేదు కాబట్టి ఆ దూరం 27.8 మి.మీ. మాత్రమే. 35 మి.మీ. లెన్స్‌ను అద్దం ఫిల్ము నుంచి దూరంగా నెట్టినప్పుడు ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ 1950లో చేసి చూపినట్టు కటకాల అమరికనే మార్చి, ముందు భాగంలో పెద్ద గాజు పెట్టాల్సి వచ్చింది. రేంజ్‌ఫైండర్‌కు ఆ బాధ లేదు. వెనక కటకం ఫిల్ముకు దగ్గరగా కూర్చోగలదు, లెన్స్ అంతా అరచేతిలో ఇమిడిపోతుంది. ఇది కేవలం మోతకు సంబంధించిన సౌకర్యం కాదు. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్ గుండా చూడం. పక్కనున్న వేరే కిటికీ గుండా చూస్తాం. లెన్స్ పొడవైతే దాని గొట్టం ఆ కిటికీలో కుడివైపు కింది మూలను కప్పేస్తుంది. అంటే లెన్స్ పొడవు పెరిగేకొద్దీ మనకు కనిపించే దృశ్యం కొంత తగ్గిపోతుంది. అందుకే ఈ కెమెరాకు లెన్స్ పరిమాణమే ఒక నాణ్యత. పదును, కాంట్రాస్ట్‌లతో సమానంగా దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. లెన్స్ వెడల్పుగా తెరుచుకోవాలి, చిన్నదిగా ఉండాలి, అంచుల దాకా పదునుగా చూపాలి. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. గోళాకార ఉపరితలం అంచుల మీద పడ్డ కిరణాలను మధ్యలో పడ్డవాటికన్నా ఎక్కువగా వంచుతుంది. కాబట్టి అన్నీ ఒకే బిందువు దగ్గర కలవవు. దీనినే గోళీయ విపథనం అంటారు. అపర్చర్ వ్యాసం రెట్టింపైతే దీనివల్ల వచ్చే మసక సుమారు ఎనిమిది రెట్లవుతుంది. లెన్స్‌ను కుదించాలంటే ఉపరితలాలు మరింత వంపు తిరగాలి. వంపు పెరిగితే దోషాలూ పెరుగుతాయి. దోషాలు తగ్గించాలంటే కటకాల సంఖ్య పెంచాలి, లేదా కాంతిని ఎక్కువగా వంచగల ఖరీదైన గాజు వాడాలి, లేదా గోళాకారం కాని ఉపరితలం తయారుచేయాలి, లేదా లెన్స్‌నే పెద్దది చేయాలి. కటకాలు పెంచడానికి కూడా ఒక కాలంలో పెద్ద అడ్డంకి ఉండేది. పూత లేని గాజు మీద పడ్డ కాంతిలో సుమారు 4 శాతం ప్రతి ఉపరితలం దగ్గరా వెనక్కి పోతుంది. గాలికి తెరచి ఉన్న పన్నెండు ఉపరితలాలుంటే దాదాపు 40 శాతం కాంతి దారిలోనే పోతుంది. పోయిన కాంతిలో కొంత లోపలే అటూఇటూ తిరిగి, ఫిల్ము మీద తెల్లని పొరలా పడుతుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన పూత ఆ అడ్డంకిని తొలగించింది. పాల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్‌గా రూపొందించిన జంట గాస్ అమరిక యాభై ఏళ్ల తర్వాత విశ్వరూపం దాల్చడానికి ఆ పూత పెద్ద కారణం. సమ్మిక్రాన్ ఆ వంశానిదే.

మొదటి తరం ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకుంది. అప్పట్లో లైకా కెమెరాలు తయారుచేసిన లైట్జ్ సంస్థ కెనడాలోని మిడ్‌లాండ్‌లో పెట్టిన కర్మాగారంలో వాల్టర్ మాండ్లర్ దీన్ని రూపొందించారు. ఎనిమిది కటకాలు ఆరు గుంపులుగా, అపర్చర్‌కు అటూఇటూ దాదాపు ఒకదానికొకటి ప్రతిబింబాల్లా అమరి ఉంటాయి. ఇలాంటి సౌష్ఠవం ఉన్నప్పుడు ముందు సగం చేసిన కొన్ని తప్పులను వెనక సగం దిద్దుతుంది. గీతలు వంగిపోవడం, రంగులు పక్కకు జరగడం వంటివి సహజంగానే తగ్గుతాయి. ఆ కాలానికి ఎఫ్/2 దగ్గర ఇంత సమతూకంగా చూపే 35 మి.మీ. లెన్స్ గొప్ప విజయం. కానీ ఆ విజయానికి మూల్యం తయారీలో ఉంది. ఎనిమిది గాజులను చెక్కాలి, నునుపు చేయాలి, ఒకే ఇరుసు మీద నిలపాలి. ఒక్కటి కాస్త పక్కకు జరిగినా మొత్తం శ్రమ వృథా అవుతుంది. దీని రూపకర్తలు పరిమాణాన్నీ నాణ్యతనూ పట్టుకుని, ఖర్చునూ తయారీ సౌలభ్యాన్నీ వదులుకున్నారు. ఇవాళ ఈ లెన్స్‌కు పలికే ధరను చూసి దానిలో ఏదో మహిమ ఉందనుకుంటారు. అది మహిమ కాదు, ఖర్చుకు వెనకాడని ఒక నిర్ణయం.

రెండో, మూడో తరాలను చిన్నచూపు చూడటం అలవాటైపోయింది. ఆరు కటకాలకు దిగడమంటే నాణ్యతలో దిగజారడమేనని చాలామంది తీర్పు. ఆ కాలాన్ని గుర్తు పెట్టుకుంటే ఆ తీర్పు తొందరపాటని తెలుస్తుంది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక వృత్తి ఫోటోగ్రాఫర్లు ఎస్ఎల్ఆర్‌ల వైపు మళ్లారు. 1971లో వచ్చిన లైకా ఎం5 ఆశించినంతగా అమ్ముడుపోలేదు. ఎం కెమెరాల వంశమే ఆగిపోతుందా అనే స్థితి వచ్చింది. 1977లో మిడ్‌లాండ్ నుంచి ఎం4-2 రావడంతో అది నిలిచింది. అలాంటి కాలంలో తక్కువ ఖర్చుతో తయారయ్యే లెన్స్ అవసరమైంది. ఆరు కటకాలను నాలుగు గుంపులుగా అమర్చారు. గాలికి తెరచి ఉన్న ఉపరితలాలు పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గాయి. ఉపరితలాలు తగ్గితే లోపల చెదిరే కాంతి తగ్గుతుంది, కాంట్రాస్ట్‌కు అది మేలు. నష్టం మూలల్లో కనిపిస్తుంది. పూర్తిగా తెరిచినప్పుడు చట్రం అంచుల వైపు పదును తగ్గుతుంది. అపర్చర్ రెండు మూడు మెట్లు మూస్తే ఆ నష్టం చాలావరకు పూడుతుంది. అంటే ఈ తరాలు వదులుకున్నది పూర్తి తెరుపు దగ్గరి మూలలను మాత్రమే. పగటి వెలుతురులో ఎఫ్/5.6 పెట్టి వీధుల్లో ఫోటోలు తీసేవారికి అది పెద్ద లోటేమీ కాదు.

నాలుగో తరానికి అభిమానులు ఇచ్చిన బిరుదు ‘బోకే రాజు’. బోకే అంటే ఫోటోలో ఫోకస్‌లో లేని భాగం కనిపించే తీరు. ఏడు కటకాలు, ఐదు గుంపులు, బరువు 160 గ్రాములకు అటూఇటూ. చేతిలోకి తీసుకుంటే ఇందులో ఇంత గాజు ఉందా అనిపించేంత చిన్నది. దాని బిరుదుకు కారణమైన మృదుత్వం గాలిలోంచి ఊడిపడలేదు. గోళీయ విపథనాన్ని పూర్తిగా సరిదిద్దకుండా కొంత మిగిలిస్తే, ఫోకస్‌కు వెనకనున్న ప్రతి కాంతిబిందువూ మధ్యలో వెలుగుతూ అంచుల్లో మెల్లగా కరిగిపోయే వృత్తంగా పడుతుంది. అలాంటి వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు నేపథ్యం కుదురుగా కనిపిస్తుంది. ఎక్కువగా సరిదిద్దితే ఆ వృత్తాలకు గట్టి అంచులొచ్చి చెట్ల కొమ్మలూ కంచె తీగలూ జంటగీతల్లా కనిపిస్తాయి. కాబట్టి ఈ లెన్స్‌లో మనం మెచ్చుకునే గుణం, పదునును కొలిచే పట్టికలో దోషంగా నమోదయ్యే విషయం, రెండూ ఒక్కటే. మూలల్లో కొంత, పూర్తి తెరుపు దగ్గరి పదునులో కొంత వదులుకుంటేనే ఆ మృదుత్వం వచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. బోకే మీద చర్చ ఇంగ్లిష్ చదివే ఫోటోగ్రాఫర్లలో ఊపందుకున్నది 1997లో, ‘ఫోటో టెక్నిక్స్’ అనే అమెరికన్ పత్రిక దానిపై వ్యాసాలు వేశాక. 1979 నాటి లెన్స్‌ను దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన కొలబద్దతో కొలిచి రాజును చేశాం. కొలబద్ద మారితే తీర్పు ఎంతగా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన ఆస్ఫెరికల్ తరం మరో నిర్ణయం తీసుకుంది. గోళాకారం కాని ఉపరితలంతో విపథనాన్ని సరిదిద్దవచ్చని చాలాకాలంగా తెలుసు. చేయడమే కష్టం. 1966లో లైట్జ్ తెచ్చిన 50 మి.మీ. నాక్టిలక్స్‌లో అలాంటి ఉపరితలాలను ఎంతో శ్రమతో ఒక్కొక్కటిగా చెక్కాల్సి వచ్చింది. అందుకే అది తక్కువ సంఖ్యలో, ఎక్కువ ధరకు వచ్చింది. వేడిచేసిన గాజును అచ్చులో ఒత్తి ఆకారం తెప్పించే పద్ధతి కుదిరాక ఆ కష్టం తీరింది. 1994లో 35 మి.మీ. సమ్మిలక్స్ అనే మరో లైకా లెన్స్‌కూ, తర్వాత సమ్మిక్రాన్‌కూ ఆ పద్ధతి అందింది. ఫలితం నిర్వివాదం. ఎఫ్/2 దగ్గరే మధ్య నుంచి మూలల దాకా ఇంత పదును పాత తరాల్లో లేదు. ఎదురు వెలుతురులోనూ ఇది నిలబడుతుంది. అయితే నలుపు రంగు లెన్స్ బరువు 255 గ్రాములైంది, పొడవూ పెరిగింది. కొన్ని దృశ్యాల్లో నేపథ్యం కాస్త గట్టిగా కనిపిస్తుందన్న విమర్శ కూడా వచ్చింది. 2016లో అదే గాజు అమరికను ఉంచి, అపర్చర్ రేకులను పదకొండు చేశారు. రంధ్రం మరింత గుండ్రంగా ఉండేలా చూశారు. పదును మాత్రమే చాలదని తయారీదారులకూ తెలుసుననడానికి నేను దీన్ని సూచనగా తీసుకుంటాను.

ఈ లెక్కను లైకా డిజిటల్ కెమెరాలు, 2006లో వచ్చిన ఎం8, 2009లో వచ్చిన ఎం9, మళ్లీ తలకిందులు చేశాయి. ఫిల్ము ఏటవాలుగా వచ్చే కిరణాలను పెద్దగా పట్టించుకోదు. డిజిటల్ సెన్సర్ పట్టించుకుంటుంది. దాని ముందు ఒక గాజు పలక, సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌కూ ఒక సూక్ష్మకటకం ఉంటాయి. ఫిల్ముకు దగ్గరగా కూర్చునే లెన్స్ నుంచి అంచుల వైపు వెళ్లే కిరణం ఆ పలక గుండా వాలుగా దూరినప్పుడు దారి తప్పుతుంది. మూలలు చీకటిపడతాయి, మసకబారతాయి, కొన్ని లెన్స్‌లతో రంగు కూడా మారుతుంది. లైకా తన సెన్సర్లలో పలకను పలుచగా చేసి, అంచుల దగ్గరి సూక్ష్మకటకాలను మధ్య వైపు జరిపింది. పలక మందంగా ఉండే ఇతర కంపెనీల కెమెరాలకు అడాప్టర్‌తో అదే లెన్స్ బిగిస్తే మూలలు మరింత చెడతాయి. లెన్స్‌లో ఒక్క గాజూ మారలేదు, వెనకనున్నది మారింది. అయినా అదే లెన్స్ ఒకచోట ఉత్తమమూ మరోచోట సామాన్యమూ అయింది. నాణ్యత లెన్స్‌లో స్థిరంగా ఉండే గుణమైతే ఇలా జరగదు. లెన్స్‌కూ కెమెరాకూ, తీసేవారి అవసరానికీ మధ్య కుదిరే పొందికలో అది ఉంటుంది.

దీనికి ఇద్దరి నుంచి అభ్యంతరాలు వస్తాయి. మొదటివారు కొలతలను నమ్మేవారు. కాంట్రాస్ట్‌నూ సూక్ష్మ వివరాలనూ కొలిచే పట్టికలున్నాయి, వాటి ప్రకారం కొత్తదే మెరుగు, మిగతాదంతా కవిత్వం అంటారు. కొలతల మీద నాకు గౌరవముంది. వాటిని కాదనేవారు కళ్లు మూసుకున్నట్టే. కానీ ఆ పట్టికలు కొలిచేది ఫోకస్‌లో ఉన్న ఒక సమతలాన్ని. మనిషి ముఖం సమతలం కాదు, అతని వెనకనున్న వీధి ఫోకస్‌లో ఉండదు. బరువు, పరిమాణం, వ్యూఫైండర్‌లో కప్పబడే మూల కూడా ఆ పట్టికలో ఉండవు. పట్టిక చెప్పింది నిజమే, అయితే అది అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు. భవనాలు, పటాలు, రాత్రి దృశ్యాలు అంచుల దాకా స్పష్టంగా కావాలనుకునేవారికి ఆ ప్రశ్నే సరైనది. వారు ఆస్ఫెరికల్ కొనుక్కోవాలి. అందులో సందేహం లేదు. రెండోవారు దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తారు. తరాల మధ్య తేడా అంతా అమ్మేవారు అల్లిన కథ, ముద్రించిన ఫోటో చూపిస్తే ఎవరూ పోల్చుకోలేరు అంటారు. ఎఫ్/8 దగ్గర ఈ మాట చాలావరకు నిజమని ఒప్పుకోవాలి. అపర్చర్ మూసేకొద్దీ దోషాలు తగ్గి తరాలన్నీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. అయితే ఎఫ్/2 దగ్గర, ఎదురు వెలుతురులో, దగ్గరి ముఖం వెనక దూరపు నేపథ్యం ఉన్నప్పుడు తేడా కంటికి ఆనుతుంది. దాని వెనక భౌతికశాస్త్రం ఉంది. ఈ గుణాలను కోరి తయారుచేస్తున్నవారూ ఉన్నారు. కోసినా సంస్థ 2008లో ఫోక్ట్‌లాండర్ పేరుతో 35 మి.మీ. నాక్టన్ క్లాసిక్‌ను తెచ్చినప్పుడు ఒకే పొర పూతతో ఒకటి, బహుళ పూతతో ఒకటి రెండూ అమ్మింది. 1961 నాటి సమ్మిలక్స్‌ను లైకాయే 2022లో మళ్లీ తయారుచేసింది. ఎనిమిది కటకాల సమ్మిక్రాన్‌ను చైనాలోని లైట్ లెన్స్ ల్యాబ్ తిరిగి నిర్మించింది. ఇందులో పాతకాలం మీద మోజు లేదనను. ఆధునిక సాధనాలన్నీ చేతిలో ఉన్నవారు పాత అమరికను ఎంచుకున్నారంటే, అది వదులుకున్నదాన్ని తామూ వదులుకోవడానికి సిద్ధపడ్డారనే కదా అర్థం.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. నేను దాన్ని ఖండించను, నా వాదంలో కలుపుకుంటాను. నలభై, యాభై, అరవై ఏళ్లు దాటిన రెండు లెన్స్‌లను పక్కపక్కన పెట్టినప్పుడు మనం పోలుస్తున్నది రెండు తరాలనా, రెండు విడి లెన్స్‌లనా? ఒకటి ఎవరో మెకానిక్ విప్పి బిగించినప్పుడు ఇరుసు తప్పి ఉండవచ్చు. ఒకదాని లోపల నూనె ఆవిరై గాజు మీద సన్నని మసక పొర కట్టి ఉండవచ్చు. ఎవరో గుడ్డతో గట్టిగా తుడిచి పూత చెరిపి ఉండవచ్చు. విశాఖ, కాకినాడ, కోనసీమ వంటి తేమ ప్రాంతాల్లో తోలుసంచీలో మూసిపెట్టిన లెన్స్‌కు ఫంగస్ పట్టడం ఎంత తేలికో అక్కడి ఫోటోగ్రాఫర్లకు తెలుసు. ఆ సాలెగూడు లాంటి తీగలు కాంట్రాస్ట్‌ను తినేస్తాయి. చూసినవారు ఆ తరం లెన్స్‌లే అంతని రాస్తారు. మసక పొర తెచ్చిన వెలుగును ‘పాత లెన్స్ కాంతి’ అని పొగిడేవారూ ఉన్నారు. తాళపత్రాలను పరిష్కరించిన మన పండితులకు ఈ విషయంలో ఒక నియమం ఉండేది. ఒక ప్రతిలోని లేఖకుడి తప్పును కవికి అంటగట్టేవారు కాదు. నాలుగు ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు పోల్చి, చెదలు తిన్న చోటును చెదలు తిన్న చోటుగానే గుర్తించి, ఆ తర్వాతే కవి మాట ఏదో తేల్చేవారు. ఒక్క లెన్స్‌ను చూసి ఒక తరానికంతటికీ తీర్పు ఇచ్చేవారు ఆ నియమాన్ని తప్పుతున్నారు. తరాల తేడా లేదని దీనర్థం కాదు. విడి లెన్స్‌కు కాలం చేసిన గాయాన్నీ రూపకర్త తెలిసి వదులుకున్నదాన్నీ వేరుచేసి చూడాలని అర్థం.

నిజాయితీగా పోల్చాలనుకునేవారికి దారి కష్టమైనదేమీ కాదు. ముందుగా లెన్స్ వెనక నుంచి టార్చి వేసి మసకను, ఫంగస్‌ను వెతకాలి. కెమెరా రేంజ్‌ఫైండర్ సరిగ్గా సర్ది ఉందో లేదో చూసుకోవాలి. అది కాస్త తప్పినా దోషం లెన్స్ మీద పడుతుంది. స్టాండు మీద అదే కెమెరా, అదే వెలుతురు, అదే దూరం ఉంచి, ఎఫ్/2 నుంచి ఎఫ్/8 దాకా తీయాలి. ఫోకస్‌ను కాస్త ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ తీయాలి. ఏ ఫోటో ఏ లెన్స్‌దో తెలియకుండా మరొకరితో వరుస మార్పించి చూడాలి. ఇంత చేశాక మిగిలిన తేడాయే నిజమైన తేడా. మిగిలింది చాలా తక్కువైతే, ఉన్న లెన్స్‌తో హాయిగా ఫోటోలు తీసుకోవచ్చు. అదీ విలువైన ఫలితమే. స్పష్టమైన తేడా కనిపిస్తే, అప్పుడు అడగాల్సింది ఏది గొప్పదని కాదు. ఈ తరం వదులుకున్నది నేను తీసే ఫోటోలకు అవసరమా అని అడగాలి. రాత్రిళ్లు వీధి దీపాల కింద తీసేవారికి మూలలు అవసరం కావచ్చు. రోజంతా మెడలో వేసుకు తిరిగేవారికి తొంభై గ్రాముల తేడా పెద్దది కావచ్చు. ముఖాలు తీసేవారికి నేపథ్యంలోని నెమ్మది అన్నిటికన్నా ముఖ్యం కావచ్చు. ధరల పట్టిక దీనికి జవాబు చెప్పదు, ఎందుకంటే ధర అరుదుతనాన్ని కొలుస్తుంది తప్ప మీ అవసరాన్ని కొలవదు. 35 మి.మీ. సమ్మిక్రాన్ ప్రతి తరంలోనూ తెలివైన ఇంజినీర్లు తెలిసి చేసిన త్యాగం ఉంది. దాన్ని అర్థం చేసుకుని ఎంచుకున్న లెన్స్ ఏ తరానిదైనా మంచిదే. అర్థం చేసుకోకుండా కొన్నది ఎంత ఖరీదైనదైనా వృథాయే.